మన గూడేల జబ్బుల మీద మనమే పీహెచ్‌డీ చేయాలంటే

పోస్టు పెద్దగైంది, తీరిక చూసుకుని చదవండి.

పీజీ రిజల్ట్స్ వచ్చాక ప్రతి ఏడాదీ మాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. ఉట్నూరు నుంచి, భద్రాచలం నుంచి, ఏటూరునాగారం నుంచి, మన్ననూరు నుంచి. "అన్నా, న్యూట్రిషన్‌ల పీహెచ్‌డీ చేస్తే పైసలొస్తయా?" "అక్కా, నాది బయోకెమిస్ట్రీ. సికిల్ సెల్ మీద చేద్దామనుకుంటున్న, ఫెలోషిప్ ఎవరిస్తరు?" ఒక్కొక్కరికీ ఫోన్లో సగం సగం చెప్పే బదులు, ఉస్మానియా క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మేం కొంతమందిమి కూర్చుని ఇది రాస్తున్నాం. మాలో ఆంత్రోపాలజీ వాళ్లున్నారు, న్యూట్రిషన్ వాళ్లున్నారు, జెనెటిక్స్ వాళ్లున్నారు. కోయ, గోండు, లంబాడా అందరం ఉన్నాం. ఫెలోషిప్ వచ్చినవాళ్లమూ ఉన్నాం, ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లమూ ఉన్నాం.

పైసలొస్తాయి. అది ముందే చెప్తున్నాం, భయపడి ఎవరూ వెనక్కి పోవద్దని. కానీ ఆ పైసలతో ఏ పని చేయొచ్చు, ఏ పని చేయలేం అన్న సంగతి ఎవరూ చెప్పరు. ఈ పోస్టు ఎక్కువగా దాని గురించే.

తార్నాక చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. మెట్రో దిగితే నడిచే దూరంలో జాతీయ పోషకాహార సంస్థ ఉంటుంది, ఎన్‌ఐఎన్ అంటాం. ఆ పక్కనే ఓయూ, ఈఫ్లూ. హబ్సిగూడ దిక్కు పోతే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ ఒకే రోడ్డు మీద వరసగా కనిపిస్తాయి. దేశంలో ఇన్ని పెద్ద పరిశోధన సంస్థలు రెండు మూడు బస్టాపుల మధ్య ఉన్న చోట్లు తక్కువ. 1918లో నిజాం ఫర్మానాతో ఓయూ పుట్టింది. అదే 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి జబ్బు మీద ఒక చిన్న యూనిట్ మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది, 1969లో ఎన్‌ఐఎన్ అయింది. తార్ అంటే తీగ, నాకా అంటే చెక్‌పోస్టు, ఒకప్పుడు ఇక్కడ ముళ్లతీగ వేసిన గేటు ఉండేది, అందుకే తార్నాక అంటారు అని పాతవాళ్లు చెప్తారు. మన ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఆ గేటు ఇప్పటికీ ఉన్నట్టే ఉంటుంది. ఎన్‌ఐఎన్ గేటు ముందు నుంచి రోజూ పోతూ, లోపల పీహెచ్‌డీ చేయొచ్చని, ఆ రిజిస్ట్రేషన్ ఓయూలోనే ఉండొచ్చని తెలియకుండానే పీజీ ముగించినవాళ్లు మాలోనే ఉన్నారు.

ఇక ఫెలోషిప్పుల సంగతి.

మనకు అందరికన్నా దగ్గరగా ఉన్నది ఎన్‌ఎఫ్‌ఎస్‌టీ, ఎస్టీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్. 2005-06లో రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్ పేరుతో యూజీసీ ద్వారా మొదలైంది. అప్పట్లో ఎస్టీలకు ఏటా 667 ఉండేవి, తర్వాత 750 అయ్యాయి. ఇప్పుడు కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖే చూస్తోంది. దీనికి నెట్ పాస్ కావాలన్న షరతు లేదు. పీజీ మార్కుల మీద ఎంపిక. ఆదిమ గిరిజన సమూహాలకు, మహిళలకు, దివ్యాంగులకు ప్రాధాన్యం ఉంది. మన రాష్ట్రంలో చెంచు, కోలం, కొండరెడ్డి, తోటి పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. మీ కోసం తీసిపెట్టిన సీట్లకు మీరు అప్లై చేయకపోతే అవి మీ కోసం ఆగవు. 2023 జనవరి 1 నుంచి పెరిగిన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్లు జేఆర్‌ఎఫ్ కింద నెలకు 37,000, తర్వాత మూడేళ్లు ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42,000. అంతకు ముందు 31,000, 35,000 ఉండేవి. హాస్టల్‌లో గది లేకపోతే హెచ్‌ఆర్‌ఏ వేరే ఇస్తారు. దానికి హాస్టల్ ఇవ్వలేదని కాగితం పెట్టాలి.

750 అంటే పెద్ద సంఖ్యలాగే వినబడుతుంది. అది మిజోరం నుంచి కేరళ దాకా, అన్ని సబ్జెక్టులకు కలిపి. చరిత్ర చదివినోళ్లు, కెమిస్ట్రీ చదివినోళ్లు, ఆరోగ్యం మీద చేసేవాళ్లు అందరిదీ ఒకటే లైను. పైగా పీజీ మార్కులు అన్ని యూనివర్సిటీల్లో ఒకే తూకంతో వేయరు. ఒక చోట 80 శాతం మామూలు, ఇంకో చోట 65 వస్తే క్లాసు ఫస్టు. రెండింటినీ పక్కపక్కన పెట్టి మెరిట్ లిస్టు అంటే దాంట్లో ఎంత న్యాయం ఉందో మీకే తెలుసు. అయినా పరీక్ష పెడితే కోచింగ్ కొన్నవాడే గెలుస్తాడు కాబట్టి, ఉన్నదే కొంత నయం అని మాలో కొందరి వాదన. ఈ విషయంలో మాలో మాకే ఒప్పందం కుదరలేదు.

ఇంకో చిక్కు ఉంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌టీకి అప్లై చేయాలంటే ముందు పీహెచ్‌డీలో రిజిస్టర్ అయి ఉండాలి. ఓయూలో రిజిస్టర్ కావాలంటే ఎంట్రెన్స్ రాసి కేటగిరీ-2లో రావాలి, లేదంటే జాతీయ స్థాయి ఫెలోషిప్ చేతిలో పట్టుకుని కేటగిరీ-1లో రావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు. ఎంట్రెన్స్‌లో వచ్చి, రిజిస్టర్ అయి, ఫెలోషిప్ లిస్టు వచ్చేదాకా నెలల కొద్దీ చేతిలో రూపాయి ఉండదు. ఆ నెలలే మన పిల్లల్ని ఇంటికి పంపిస్తాయి. మాలో ఒకరు ఆ టైములో మాణికేశ్వర్‌నగర్‌లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటూ, రాత్రిపూట బైకు మీద ఫుడ్ డెలివరీ చేసి, పొద్దున కోర్సువర్క్ క్లాసులో కునికిపాట్లు పడ్డారు.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేం. ఈఫ్లూ సెంట్రల్ యూనివర్సిటీ. అక్కడ నెట్ లేకుండా పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు యూజీసీ నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 వస్తుంది. ఓయూ స్టేట్ యూనివర్సిటీ, ఆ స్కీము దీనికి వర్తించదు. గోడకు అటుపక్క 8 వేలు, ఇటుపక్క సున్నా. 2015 అక్టోబర్‌లో ఆ 8 వేలు కూడా ఆపేస్తామంటే ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు విద్యార్థులు రోజుల తరబడి కూర్చున్నారు, అందుకే అది బతికింది. స్టేట్ యూనివర్సిటీలో చదివేవాళ్లకు కొట్లాడి కాపాడుకోవడానికి ఆ మాత్రం కూడా లేదు.

పరీక్షలు రాసే ధైర్యం ఉన్నవాళ్లకు ఇంకా దారులున్నాయి. లైఫ్ సైన్సెస్ వాళ్లకు సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్. సోషల్ సైన్సెస్ నుంచి వచ్చి ఆరోగ్యం మీద చేయాలనుకునేవాళ్లకు యూజీసీ నెట్‌లో సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్ అనే సబ్జెక్టే ఉంది, చాలామందికి తెలియదు. ఆంత్రోపాలజీ, హోమ్ సైన్స్ ఎలాగూ ఉన్నాయి. జేఆర్‌ఎఫ్‌కు వయసులో ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు ఉంటుంది. ఐసీఎంఆర్ సొంతంగా పరీక్ష పెట్టిన కాలంలో ఏటా 150 జేఆర్‌ఎఫ్‌లు ఇచ్చేది, 120 లైఫ్ సైన్సెస్‌కు, 30 సోషల్ సైన్సెస్‌కు. కేంద్రంలో ఎస్టీ రిజర్వేషన్ 7.5 శాతం. లెక్క వేయండి. దేశం మొత్తం గిరిజనులకు పదకొండు. సోషల్ సైన్సెస్‌లో రెండు. విదేశాలకు పోవాలనుకునేవాళ్లకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, ఏటా 20 మందికి, అందులో 3 ఆదిమ సమూహాలకు. దాని గురించి వేరే పోస్టు రాస్తాం.

ఇంతవరకు ఏ కోచింగ్ సెంటర్ యూట్యూబ్ ఛానల్ అయినా చెప్తుంది. ఇప్పుడు అసలు సంగతి.

ఫెలోషిప్‌తో పాటు కంటింజెన్సీ అని ఇస్తారు. పరిశోధన ఖర్చుల కోసం. సైన్స్ వాళ్లకు మొదటి రెండేళ్లు ఏడాదికి 12,000, తర్వాత మూడేళ్లు ఏడాదికి 25,000. సోషల్ సైన్సెస్ వాళ్లకు 10,000, తర్వాత 20,500. స్టైపెండు 31 నుంచి 37 వేలు అయినప్పుడు మేం స్వీట్లు పంచుకున్నాం, కంటింజెన్సీ సంగతి ఎవరూ అడగలేదు. ఐదేళ్లూ కలిపితే సైన్స్ వాళ్లకు 99,000. మొదటి రెండేళ్లలో నెలకు వెయ్యి రూపాయలు. లైబ్రరీలో కూర్చుని పుస్తకాలు చదివే పనికి ఇది సరిపోతుందేమో. ఆరోగ్యం మీద మన ప్రాంతంలో పని చేయాలనుకున్న మనిషికి ఏం సరిపోతుంది?

సికిల్ సెల్‌నే తీసుకోండి. ఊళ్లో వేలి మీద సూదితో గుచ్చి సాల్యుబిలిటీ టెస్టు చేయొచ్చు, అది చవక. కానీ అది అనుమానం వరకే చెప్తుంది. జబ్బు ఉందా, వాహకమేనా అని తేల్చాలంటే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చేయాలి. శాంపిల్ చల్లగా పెట్టి, ఆసిఫాబాద్ అవతలి గూడెం నుంచి ల్యాబు దాకా తేవాలి. వానాకాలం అయితే వాగు దాటాలి. మాట్లాడించడానికి ఊళ్లో ఒక మనిషిని తోడు పెట్టుకుంటే వాళ్ల కూలి పోగొట్టలేం, ఇవ్వాలి. ఎలైసా కిట్ ఒక్కటి కొంటే ఏడాది కంటింజెన్సీ అక్కడికే. మిగతాదంతా స్టైపెండులోంచి పెట్టాలి. ఆ స్టైపెండులోంచే ఇంటికి కూడా పంపాలి. మన ఇళ్లలో పీహెచ్‌డీ చేసే పిల్లవాడంటే సంపాదిస్తున్న పిల్లవాడే. చెల్లి పెళ్లి, నాన్న ఆపరేషన్, బోరు మోటారు అన్నీ ఆ 37 వేల మీదే కన్నేసి ఉంటాయి.

అవి కూడా నెలనెలా రావు. యూనివర్సిటీలో ఒకరు ఆన్‌లైన్‌లో మన పేరు ఎక్కించాలి, ఇంకొకరు దాన్ని సరిచూసి ఓకే చేయాలి, మేకర్, చెకర్ అంటారు. ఇద్దరిలో ఎవరు సెలవు పెట్టినా, బదిలీ అయినా, పాస్‌వర్డ్ మర్చిపోయినా ఆ నెల డబ్బు ఆగుతుంది. మాలో ఒకరికి పదకొండు నెలలు ఆగింది. మెస్సు బాకీ, కిరాణా కొట్టు బాకీ, ఫ్రెండు దగ్గర చేబదులు. పదకొండు నెలల తర్వాత అంతా ఒకేసారి పడింది, అప్పటికి ఫీల్డుకు పోవాల్సిన సీజన్ దాటిపోయింది. పోడు పనులు లేని నెలల్లోనే మనుషులు ఇంటి దగ్గర దొరుకుతారు. ఆ నెలలు పోతే ఏడాది పోయినట్టే. రోహిత్ వేముల 2016 జనవరిలో రాసిపెట్టిపోయిన ఆఖరి లేఖలో కూడా తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ లెక్క ఉంది. ఈ క్యాంపస్‌లలో చదివిన వాళ్లెవరికీ ఆ లెక్క విడిగా వివరించనక్కర్లేదు.

దీనివల్ల ఏమవుతుందో మేం కళ్లారా చూశాం. మా సీనియర్ అక్క ఒకామె, కోయ అమ్మాయి, ఆశ్రమ పాఠశాల ఆడపిల్లల్లో రక్తహీనత మీద చేయాలని వచ్చింది. తను అదే ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు చదివింది. ఏం తిన్నదీ, ఏం తినకుండా పారేసిందీ, ఐరన్ మాత్రలు ఏ కిటికీలోంచి బయటికి విసిరేవారో కూడా తెలుసు. రెండేళ్లు డబ్బుల కోసం, పర్మిషన్ల కోసం తిరిగింది. చివరికి గైడు సలహా మీద టాపిక్ మార్చి, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటా డౌన్‌లోడ్ చేసుకుని దాని మీద థీసిస్ రాసింది. డేటా ఉచితం, కదలాల్సిన పని లేదు. ఆమె పీహెచ్‌డీ పూర్తయింది, సంతోషమే. కానీ ఆ కిటికీ సంగతి థీసిస్‌లో లేదు.

ఆ సర్వే చెడ్డదని అనట్లేదు. 2019-21 నాటి ఐదో సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. ఇది తెలియడం అవసరమే. కానీ రిపోర్టు పట్టికల్లో మనం అందరం ఎస్టీ అన్న ఒకే వరసలో ఉంటాం. నల్లమల చెంచు తల్లి, కెరమెరి గుట్టల మీది కోలం తల్లి, నల్గొండ తండాలో పత్తి తీసే లంబాడా తల్లి, ముగ్గురూ ఒకే అంకె. ముగ్గురు తినే తిండి ఒకటి కాదు, తాగే నీళ్లు ఒకటి కాదు, దవాఖాన దూరం ఒకటి కాదు. గిరిజన ప్రాంతాల్లో విడిగా తిండి, పోషణ సర్వేలు చేసిన నేషనల్ న్యూట్రిషన్ మానిటరింగ్ బ్యూరో 1972లో ఎన్‌ఐఎన్ కింద మొదలైంది, 2015లో మూతపడింది. ఇప్పుడు ఆ వరసను విడగొట్టి చూపించాలంటే ఎవరో ఒకరు ఊరూరూ తిరగాలి. తిరగడానికే కంటింజెన్సీ లేదు.

మన మీద పరిశోధన జరగట్లేదా అంటే బ్రహ్మాండంగా జరుగుతోంది. 1940లో కుమ్రం భీం చనిపోయిన తర్వాత నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల దగ్గరికి పంపింది. ఆయన మార్లవాయిలో ఉన్నాడు, మంచి పనులూ చేశాడు, ఓయూలో ప్రొఫెసర్‌గానూ పనిచేశాడు. అప్పటి నుంచి మన పెళ్లిళ్లు, చావులు, దేవుళ్లు, ఎత్తులు, బరువులు అన్నీ ఎవరో ఒకరు రాసుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు రక్తం వంతు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించారు. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం. మంచిదే, చేయాలి. ఆ 7 కోట్ల రక్తపు చుక్కల నుంచి ఎన్ని పేపర్లు వస్తాయో, వాటి మీద మన ఇంటిపేర్లు ఎన్ని ఉంటాయో మాత్రం చూడాలి.

ఇదేదో పేరు కోసం పడే తాపత్రయం అనుకోవద్దు. భద్రాచలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. ఇటువంటిదే గుజరాత్‌లోని వడోదరలోనూ జరిగింది. అందులో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. రెండు చోట్లా కలిపి ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. టీకా కూడా చెడ్డది కాదు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపుతుంది, చాలా దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నారు. కానీ సమ్మతి పత్రాలు చూస్తే, తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన చోట వేల ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. చాలా వాటి మీద వేలిముద్రలు, పక్కన సాక్షి లేడు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

మేం తరచూ ఇది మాట్లాడుకుంటాం. ఆ రోజు ఆ ప్రాజెక్టు టీములో కోయ మాట్లాడే ఒక్క రీసెర్చ్ స్కాలర్ ఉండి ఉంటే? "సార్, ఈ పిల్ల నాన్న వారం రోజులకోసారి సంతకు వస్తాడు, సంత రోజు పెట్టుకుందాం, ఆయన్నే అడుగుదాం" అని చెప్పడానికి ఒక్కరు? వార్డెన్ సంతకానికీ నాన్న సంతకానికీ తేడా హాస్టల్‌లో పెరిగిన పిల్లలకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

ఇది మన దగ్గరే జరిగిందనీ కాదు. అమెరికాలో అరిజోనాలోని హవసుపాయి అనే చిన్న తెగ వాళ్లు 1990 తర్వాత షుగరు జబ్బు మీద పరిశోధనకని యూనివర్సిటీ వాళ్లకు రక్తం ఇచ్చారు. ఆ రక్తాన్నే వాళ్లకు చెప్పకుండా స్కిజోఫ్రీనియా మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారన్న దాని మీద కూడా వాడారు. తెగ వాళ్లు కోర్టుకు పోయారు. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం శాంపిళ్లు తిరిగి ఇచ్చేసింది. అవి తెచ్చుకునేటప్పుడు వాళ్లు ఏడ్చారట. ఆ సంగతి చదివినప్పుడు మాలో చెంచు పెంట నుంచి వచ్చిన తమ్ముడు ఒకడు అడిగాడు, "మన రక్తాలు ఏ ఫ్రిజ్‌ల ఉన్నయో ఎవరికన్నా ఎరికేనా అన్నా?" అని. జవాబు లేదు మా దగ్గర.

ఐసీఎంఆర్ 2017లో తెచ్చిన ఎథికల్ గైడ్‌లైన్స్‌లో గిరిజనుల గురించి విడిగా రాశారు. మనకు ఉపయోగపడే పరిశోధనే మన మీద చేయాలి, గిరిజన సంక్షేమ అధికారుల దగ్గరో కలెక్టర్ దగ్గరో అనుమతి తీసుకోవాలి, ఊరి పెద్దలతో, స్థానిక భాష తెలిసినవాళ్లతో మాట్లాడి సమ్మతి తీసుకోవాలి. ఖమ్మం లాంటివి చూసిన తర్వాత ఈ నియమాలు కావాల్సిందే. కానీ వింత చూడండి. మన పిల్లవాడు తన సొంత ఊళ్లో, సొంత మేనత్త రక్తం తీసుకోవాలన్నా అదే ఫైలు, అదే ఎథిక్స్ కమిటీ, అదే ఆఫీసు చుట్టూ తిరుగుడు. నియమం మారాలని అడగట్లేదు, మేనత్తకైనా హక్కు హక్కే. తిరిగే ఆ ఏడెనిమిది నెలలు ఫెలోషిప్ గడియారం ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, అదే బాధ. పెద్ద ప్రాజెక్టు వాళ్లకు జీపు ఉంటుంది, ఫీల్డ్ స్టాఫ్ ఉంటారు, ఫైలు నడిపే మనిషి ఉంటాడు. మనకు ఎర్రబస్సు.

భాష గురించి ఒక ముక్క. సికిల్ సెల్ వాహకం అన్న మాట గోండీలోకి ఎట్లా తెస్తారు? వాహకం అంటే జబ్బు లేదు, మనిషి మామూలుగానే ఉంటాడు. కానీ వాహకాలైన ఇద్దరు పెళ్లి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు ప్రమాదం. ఇది మేనరికాలు చేసుకునే ఇళ్లలో చెప్పాలి. సరిగ్గా చెప్పకపోతే ఆడపిల్లకు "రక్తం చెడింది" అని పేరు పడుతుంది, సంబంధం తప్పిపోతుంది. మాలో ఒకరు ఈ ఒక్క విషయం మీదే, కార్డు ఇచ్చిన తర్వాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందన్న దాని మీదే థీసిస్ చేస్తున్నారు. ల్యాబు ఖర్చు లేదు, ప్రయాణం ఖర్చే. అదీ కష్టంగానే నడుస్తోంది. కానీ ఇంటర్వ్యూలో వాళ్ల అమ్మమ్మ వయసున్న ఒకామె, "బిడ్డా, ఇన్నేండ్ల నుంచి అందరొచ్చి గుచ్చిండ్రు, ఏమైందని చెప్పినోడు లేడు. నువ్వొకదానివే కూసుని చెప్పినవు" అన్నదట. ఆ టేపు మేమందరం విన్నాం.

మరి దారేంది అంటే, ఉన్నంతలో కొన్ని చెప్తాం. ఫెలోషిప్ ఉన్నవాళ్లను చేర్చుకోవడానికి గైడ్లకు ఇష్టమే, ఎందుకంటే మీ జీతం వాళ్ల మీద పడదు. కాబట్టి మీరే అడగండి, "సార్, మీ ప్రాజెక్టులో కెమికల్స్, ఫీల్డు ఖర్చు నా పనికి వాడుకోవచ్చా?" అని. చేరకముందే అడగండి, చేరిన తర్వాత అడగడం కష్టం. యూనివర్సిటీలో గైడు, పరిశోధన సంస్థలో కో-గైడు పెట్టుకునే వీలుందేమో కనుక్కోండి. మెషీన్లు అక్కడ ఉంటాయి, మనకు మనుషులు తెలుసు. ఎథిక్స్ ఫైలు కోర్సువర్క్ నడుస్తుండగానే మొదలుపెట్టండి. రెండేళ్ల తర్వాత జేఆర్‌ఎఫ్ నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మార్చడానికి కమిటీ కూర్చుంటుంది, దానికి చూపించడానికి పని ఉండాలి. మేకర్, చెకర్ ఎవరో మొదటి రోజే తెలుసుకుని ప్రతి నెలా మొదటి వారంలో మర్యాదగా వెళ్లి నమస్తే పెట్టండి. నవ్వకండి, దీంతో మాలో ఇద్దరికి ఒక్క నెల కూడా ఆగలేదు.

ఇక అడగాల్సింది కూడా ఉంది. న్యూజిలాండ్‌లో హెల్త్ రీసెర్చ్ కౌన్సిల్ మావోరీ విద్యార్థులకు ఆరోగ్య పరిశోధనలో పీహెచ్‌డీ చేయడానికి ప్రత్యేకంగా స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. మనకూ ఎన్‌ఎఫ్‌ఎస్‌టీలో ఆరోగ్యం మీద ఫీల్డులో పనిచేసే స్కాలర్లకు కంటింజెన్సీ కాకుండా వేరే ఫీల్డు గ్రాంటు కావాలి. అనుమతుల కోసం తిరిగిన నెలల్ని ఐదేళ్లలోంచి తీసేయాలి. స్టేట్ యూనివర్సిటీలో రిజిస్టర్ అయిన రోజు నుంచి లిస్టు వచ్చేదాకా ఏదో ఒకటి, కనీసం పక్క క్యాంపస్‌లో ఇచ్చే 8 వేలైనా, రాష్ట్రం ఇవ్వాలి. ఈ మూడింటి మీద వినతిపత్రం రాస్తున్నాం. గిరిజన సంక్షేమ శాఖకు ఒకటి, కేంద్ర మంత్రిత్వ శాఖకు ఒకటి. ఫెలోషిప్ ఆగి, టాపిక్ మార్చుకోవాల్సి వచ్చినవాళ్లు ఎవరున్నా, ఏ యూనివర్సిటీ అయినా, ముందు ఏం చేయాలనుకున్నారు, చివరికి ఏం చేశారు, రెండే లైన్లు రాసి గ్రూపు అడ్మిన్లకు పంపండి. పేర్లు బయటపెట్టం. అట్లాంటివి వంద పోగైతే ఆఫీసులో ఎవరూ కాదనలేరు.

కొత్తగా అప్లై చేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆదివారం పొద్దున ఓయూ మెయిన్ లైబ్రరీ దగ్గరికి వస్తే మాలో ఎవరో ఒకరం ఉంటాం. వచ్చేటప్పుడు ఎస్టీ సర్టిఫికెట్, టెన్త్ మెమో, పీజీ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకోండి. వాటన్నింటి మీదా ఇంటిపేరు ఒకే తీరుగా ఉందో లేదో ఇవ్వాళే చూసుకోండి. ఒక చోట కుర్సెంగ, ఇంకో చోట కురిసెంగ అని ఉంటే ఇప్పుడే మీసేవకు పోండి, పోర్టల్ తెరిచాక టైముండదు.